ఔత్సాహికులలో అగ్రగణ్యుడు – బాబీ జోన్స్

మనిషి శీలానికి పరీక్ష రణరంగంలోను, రాజసభలోను మాత్రమే జరుగుతుందని తలచడం పొరపాటు. పచ్చని పచ్చిక నడుమ ఒక చిన్న తెల్లని బంతి ముందు ఒంటరిగా నిలిచిన వేళ సైతం మనిషికి తన అంతరంగం తనకు కనిపిస్తుంది. తన కోపాన్ని తానే జయించాలి. తన తప్పును తానే ఒప్పుకోవాలి. చూసేవాడు లేనప్పుడు సైతం నియమాన్ని తానే పాటించాలి. ఈ మూడింటినీ జీవితకాలంలో నేర్చుకొని, ప్రపంచానికి ఆదర్శప్రాయుడైన ఒక అమెరికన్ క్రీడాకారుని చరిత్రను ఈ సంచికలో మన విద్యార్థులకు పరిచయం చేయదలచాము. ఆయన పేరు రాబర్ట్ టైర్ జోన్స్ జూనియర్. లోకం ఆయనను బాబీ జోన్స్ అని పిలుచుకొన్నది.

మన విద్యార్థులకు క్రికెట్, హాకీ, ఫుట్‌బాల్ చిరపరిచితాలు. గోల్ఫ్ అనగానే అది శ్రీమంతుల వినోదమనే అభిప్రాయం మనలో స్థిరపడి ఉన్నది. అందులో కొంత నిజం లేకపోలేదు. అయినా ఈ ఆటకు మన దేశంతో గల సంబంధం చాలా పాతది. బ్రిటిష్ దీవుల వెలుపల అతి ప్రాచీనమైన గోల్ఫ్ క్లబ్బు 1829లో కలకత్తాలో ఏర్పడింది. ఆట తీరు సులభంగానే చెప్పవచ్చు. విశాలమైన మైదానంలో పద్దెనిమిది గుంటలు ఉంటాయి. ఒక్కొక్క గుంట వ్యాసం నాలుగుంబావు అంగుళాలు. నూరు గజాలు మొదలు ఐదు వందల గజాలు దాటిన దూరం నుండి బంతిని కర్రతో కొట్టుకొంటూ పోయి ఆ గుంటలో పడవేయాలి. తక్కువ దెబ్బలతో ముగించినవాడే విజేత. దూరంగా కొట్టడానికి శరీరమంతా తిప్పి కర్రను విసరడాన్ని స్వింగ్ అంటారు. గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చికను గ్రీన్ అంటారు. ఆ గ్రీన్ మీద బంతిని మెల్లగా దొర్లించి గుంటలో వేయడం పటింగ్. రెండు వందల యాభై గజాల దెబ్బకు ఎంత విలువో, రెండు అడుగుల దూరం దొర్లించిన దెబ్బకూ అంతే విలువ. ఈ ఆటలోని న్యాయమూ, క్రూరత్వమూ రెండూ అందులోనే ఉన్నాయి.

జోన్స్ 1902 మార్చి 17వ తేదీన జార్జియా రాష్ట్రంలోని అట్లాంటా నగరంలో జన్మించాడు. తండ్రి న్యాయవాది. తాతగారు వస్త్రపరిశ్రమలో స్థిరపడిన వర్తకుడు. ఆయన పేరునే మనుమడికి పెట్టారు. బాల్యంలో జోన్స్ మిక్కిలి దుర్బలుడు. ఐదేళ్ల వరకు గట్టి ఆహారం జీర్ణం కాని స్థితిలో ఉండేవాడు. బిడ్డకు ఆరుబయట గాలి అవసరమని తలచిన తల్లిదండ్రులు వేసవి కాలంలో నగరం వెలుపలి ఈస్ట్ లేక్ అనే చోట నివాసం ఏర్పరచుకొన్నారు. అక్కడ గోల్ఫ్ మైదానం ఉన్నది. ఆ బిడ్డ విధి ఆ మైదానంలోనే నిర్ణయమైంది.

ఈస్ట్ లేక్‌లో ఆట నేర్పే ఉద్యోగంలో స్టూవర్ట్ మైడెన్ అనే స్కాట్లండ్ దేశీయుడు ఉండేవాడు. ఆయన కార్నూస్టీ అనే ఊరివాడు, మితభాషి. జోన్స్‌కు ఆయన క్రమపద్ధతిలో పాఠాలు చెప్పలేదు. బాలుడు ఆయన వెనుక మైదానమంతా తిరిగి, ఆయన కర్ర ఎత్తే తీరునూ దించే తీరునూ కళ్లతో గ్రహించి, ఇంటికి వచ్చి అనుకరించేవాడు. అనుకరణలో ఆయనకు సహజమైన నేర్పు ఉన్నది. ఇరుగుపొరుగువారి నడకను, హావభావాలను అనుకరించి పెద్దలను నవ్వించేవాడట. ఆ నేర్పే స్వింగ్‌కు పునాది అయింది. జోన్స్ కుటుంబం నివసించిన ఇల్లు పదమూడవ గ్రీన్‌కు సమీపంలో ఉన్నది. బాలుడు టోపీ నిండా పాత బంతులు నింపుకొని ఆ గ్రీన్‌కు పోయి, చీకటి పడేవరకు వాటిని ఒక్కొక్కటిగా గుంట వైపు కొట్టుకొంటూ ఉండేవాడు. ద్రోణుని ఎదుట కూర్చోకుండానే విద్య నేర్చిన ఏకలవ్యుడు మన విద్యార్థులకు ఈ సందర్భంలో స్ఫురించక మానడు. అయితే ఈ గురువు శిష్యుని వద్ద దక్షిణగా ఏమీ కోరలేదు. పైగా కడవరకు శిష్యుని ఆటలో దోషం కనిపించినప్పుడల్లా ఒక్క మాటతో దిద్దుతూ వచ్చాడు.

ఆరేళ్లకే జోన్స్ పిల్లల పోటీలో గెలిచాడు. తొమ్మిదేళ్లకు తన క్లబ్బులో బాలుర పోటీ విజేత అయ్యాడు. 1916లో, పద్నాలుగేళ్ల ప్రాయంలో, జార్జియా రాష్ట్ర ఔత్సాహిక పోటీలో జయించి, అదే సంవత్సరం ఫిలడెల్ఫియా సమీపంలోని మెరియన్ మైదానంలో జరిగిన జాతీయ ఔత్సాహిక పోటీలో పాల్గొన్నాడు. పాంటు తొడుక్కొన్న ఆ పసివాడు పెద్దలను ఓడించి క్వార్టర్ ఫైనల్ వరకు వెళ్లడం చూసి పత్రికలు ఆశ్చర్యపడ్డాయి. ఆనాటి పరిశీలకులకు రెండు విషయాలు స్పష్టంగా కనిపించాయి. ఒకటి, ఆయన స్వింగ్ అపూర్వమైనది. రెండు, ఆయన కోపం అదుపు లేనిది. దెబ్బ తప్పితే కర్రను విసిరివేసేవాడు.

ఆ కోపమే తరువాతి ఏడు సంవత్సరాలు ఆయనకు శత్రువై నిలిచింది. 1916 నుండి 1922 వరకు ఆయన ఆడిన జాతీయ పోటీలలో ఒక్కదానిలోనూ జయించలేదు. ప్రతిభకు లోటు లేదు. లోపమంతా మనస్సులోనే ఉన్నది. 1921లో గోల్ఫ్ క్రీడకు పుట్టినిల్లు వంటి స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో బ్రిటిష్ ఓపెన్ పోటీ ఆడుతూ, మూడవ రౌండులో పదకొండవ గుంట వద్ద ఇసుక గోతిలో బంతి చిక్కుకొనగా, విసుగుతో ఆటను అంతటితో విడిచిపెట్టాడు. శతాబ్దాల సంప్రదాయం గల ఆ ఊరివారికి ఆ ప్రవర్తన రుచించలేదు. అదే సంవత్సరం స్వదేశంలో సెయింట్ లూయీలో జరిగిన పోటీలో ఆయన కోపంతో విసరిన కర్ర నేల మీద పడి ఎగిరి, ప్రేక్షకులలోని ఒక స్త్రీ కాలికి తగిలింది. కోపాన్ని అదుపులో పెట్టుకొననిదే జాతీయ పోటీలలో ఆడనివ్వబోమని అమెరికా గోల్ఫ్ సంఘం అధ్యక్షుడు లేఖ ద్వారా హెచ్చరించాడు. పందొమ్మిదేళ్ల యువకునికి ఇంతకంటె అవమానం ఏముంటుంది? ఆ అవమానాన్ని జోన్స్ ద్వేషంగా మార్చుకోలేదు. దానిని గుణపాఠంగా స్వీకరించాడు. ఆ తరువాత మైదానంలో ఆయన కర్ర విసిరాడన్న మాట వినిపించలేదు.

ఈ మార్పు ఒక్కనాటిలో వచ్చినది కాదు. తాను ఎదుటి ఆటగానితో పోరాడుతున్నానన్న భావమే తన కలవరానికి మూలమని జోన్స్ క్రమంగా గ్రహించాడు. ప్రతి గుంటకూ నిపుణుడైనవాడు తీసుకొనదగిన దెబ్బల సంఖ్య ఒకటి నిర్ణయమై ఉంటుంది. దానిని పార్ అంటారు. ఆ పార్‌నే ఆయన ఒక వృద్ధునిగా భావించుకొన్నాడు. ఆ వృద్ధుడు ఎన్నడూ అద్భుతాలు చేయడు, ఎన్నడూ ఘోరంగా తప్పడు. అతనితో ఓపికగా సరితూగగలిగితే చాలును, తక్కినవారి సంగతి వారే చూసుకొంటారు. ఈ చిన్న ఊహ ఆయన మనస్సుకు శాంతినిచ్చింది. ప్రత్యర్థి మీది ద్వేషం పోయింది. ఆట మీది ధ్యానం నిలిచింది.

ఆయన స్వింగ్‌ను గురించి ఇక్కడ కొంత విపులంగా చెప్పడం అవసరం. ఆ కాలంలో కర్రలు ఉక్కువి కావు. హికరీ అనే చెట్టు కలపతో చేసినవి. బలంగా తొందరపడి విసరితే ఆ కాడ మెలిపడి బంతి దారి తప్పుతుంది. అందుచేత బలం కంటె కాలగతి ముఖ్యమైనది. జోన్స్ పాదాలను దగ్గరగా ఉంచి, శరీరాన్ని ఏ బిగువూ లేకుండా నిలిపి, కర్రను నిదానంగా వెనుకకు ఎత్తేవాడు. భుజాలు, నడుము సంపూర్ణంగా తిరిగేవి. ఎడమ మడమ నేల విడిచి లేచేది. కర్ర శిఖరానికి చేరిన పిదప ముందు నడుము మెల్లగా తిరగడం ప్రారంభించేది, భుజాలు దానిని అనుసరించేవి, చేతులు భుజాలను అనుసరించేవి. చూసేవారికి ఆ కదలికలో ప్రయాసయే కనిపించేది కాదు. అయినా బంతి అందరికంటె దూరం పోయేది. చాలామంది ఆటగాళ్ల దోషం కర్రను దించడంలోని తొందరపాటేనని ఆయన అభిప్రాయం. కొట్టబోయే క్షణంలో ఒకటి రెండు విషయాలకు మించి మనస్సులో పెట్టుకొనరాదని, పది సూత్రాలు తలచుకొంటే శరీరం దేనికీ లొంగదని ఆయన తన రచనలలో బోధించాడు. పరీక్ష హాలులో కూర్చున్న మన విద్యార్థులకు సైతం ఈ సలహా ఉపకరిస్తుందని మా నమ్మకం.

స్వింగ్ ఆయనకు బాల్యంలోనే అబ్బినది. పటింగ్ మాత్రం శ్రమించి సంపాదించుకొన్నది. 1916లో ఆయన ఆటను చూసిన వాల్టర్ ట్రావిస్ అనే వృద్ధ నిపుణుడు తక్కిన ఆటనంతా మెచ్చుకొని పటింగ్‌లో లోపాన్ని గుర్తించాడు. ఈ ట్రావిస్ చరిత్ర కూడా విశేషమైనదే. ఆస్ట్రేలియాలో పుట్టి, ముప్ఫై ఐదవ ఏట గోల్ఫ్ కర్రను మొదటిసారి చేతబట్టి, 1904లో బ్రిటిష్ ఔత్సాహిక పోటీలో జయించినవాడు. జోన్స్‌కు ఆయన సలహా పొందే భాగ్యం 1924లో కలిగింది. పాదాల మడమలు దాదాపు ఒకదానికొకటి తాకేటట్లు నిలబడమని, కుదుపుతో కూడిన పొట్టి దెబ్బను మాని ఎడమ చేతి నడకతో కర్రను దీర్ఘంగా, సాఫీగా వెనుకకు తీసుకొని రమ్మని, బంతి వెనుక ఒక చిన్న మేకు ఉన్నట్లు ఊహించి దానిని దిగగొట్టునట్లు తాకమని ట్రావిస్ ఉపదేశించాడు. అప్పటికే జాతీయ విజేత అయిన జోన్స్ ఆ ఉపదేశాన్ని శిరసావహించి, తాను అలవాటుపడిన పద్ధతిని విడిచి, నెలల తరబడి కొత్త పద్ధతిని సాధన చేశాడు. విజయం పొందిన పిదప సైతం శిష్యునిగా మారగలగడం అందరికీ సాధ్యమయ్యే పని కాదు.

గ్రీన్ మీద ఆయన పాటించిన మరొక సూత్రం గురువు మైడెన్ నేర్పినది. బంతిని గుంట దాటిపోయేటంత వేగంతో కొడితే గుంటకు ఒక్క ద్వారమే తెరిచి ఉంటుంది. నడుమ సరిగా తగిలితే పడుతుంది, లేకున్న దాటిపోతుంది. బంతి గుంట అంచుకు చేరేసరికి వేగమంతా ఉడిగి ఉంటే ముందు నుండి, కుడి ఎడమల నుండి, చుట్టి వచ్చి వెనుక నుండి కూడా లోపలికి జారిపోగలదు. నాలుగు ద్వారాలు తెరిచి ఉంటాయన్నమాట. ఈ పనికి జోన్స్ వాడిన పటర్ గోల్ఫ్ చరిత్రలో అన్నిటికంటె ప్రసిద్ధమైన కర్ర. దానిని మైడెన్ సోదరుడు జిమ్ మైడెన్ ఆయనకు ఇచ్చాడు. పాత తుప్పు రంగు ఇనుప బిళ్ల, హికరీ కాడ, ఆ కాడకు దారంతో చుట్టిన కట్లు – ఇదీ దాని స్వరూపం. అమెరికా పశ్చిమ ప్రాంతపు సాహసి అయిన ఒక స్త్రీ పేరు మీద దానికి కలామిటీ జేన్ అని పేరు వచ్చింది. కొన్నేళ్లకు అది అరిగిపోగా, దానికి ప్రతిరూపంగా మరొకటి చేయించుకొన్నాడు. అది నేడు అమెరికా గోల్ఫ్ సంఘం వస్తు ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నది.

1923లో న్యూయార్క్ సమీపంలోని ఇన్‌వుడ్‌లో ఆయన గ్రహచారం మారింది. అమెరికన్ ఓపెన్ పోటీ ముగింపులో మూడు గుంటలలో నాలుగు దెబ్బలు నష్టపోయి, చేతికి వచ్చిన విజయాన్ని జారవిడిచి, బాబీ క్రుక్‌షాంక్ అనే స్కాట్లండ్ దేశీయునితో సమానంగా నిలిచాడు. మరునాడు జరిగిన నిర్ణాయక ఆటలో పద్దెనిమిదవ గుంట వద్ద కూడా ఇరువురూ సమానులే. జోన్స్ బంతి గడ్డి లేని వదులు నేల మీద ఉన్నది. ఎదుట నీరు, దాని ఆవల గ్రీన్. దూరం సుమారు నూట తొంభై గజాలు. ఏడేళ్ల ఓటములు వెనుక నిలిచి చూస్తున్న ఆ క్షణంలో ఆయన తడబడలేదు, ఆలోచనలో జాగు చేయలేదు. కర్ర తీసుకొని కొట్టాడు. బంతి నీటిని దాటి గుంటకు కొద్ది అడుగుల దూరంలో నిలిచింది. కరవు కాలం ముగిసింది.

ఆ నాటి నుండి 1930 వరకు ఎనిమిది సంవత్సరాలలో ఆయన ఇరవై ఒక్క ప్రధాన పోటీలలో పాల్గొని పదమూడింటిలో జయించాడు. నాలుగు అమెరికన్ ఓపెన్‌లు, మూడు బ్రిటిష్ ఓపెన్‌లు, ఐదు అమెరికన్ ఔత్సాహిక విజయాలు, ఒక బ్రిటిష్ ఔత్సాహిక విజయం ఆ లెక్కలోనివి. ఆశ్చర్యకరమైన విషయమేమంటే, ఈ కాలమంతా ఆయన విద్యార్థిగా గాని, న్యాయవాదిగా గాని ఉన్నవాడే. 1922లో జార్జియా టెక్‌లో మెకానికల్ ఇంజనీరింగు పట్టా, 1924లో హార్వర్డ్‌లో ఆంగ్ల సాహిత్యంలో పట్టా పొందాడు. మునుపే జార్జియా టెక్ పక్షాన ఆడి ఉన్నందున హార్వర్డ్ జట్టులో ఆడే అర్హత ఆయనకు లేదు. అందుకు చింతింపక ఆ జట్టుకు సహాయ మేనేజరుగా పనిచేశాడు. 1926లో ఎమరీ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రంలో చేరి, చదువు పూర్తికాకుండానే బార్ పరీక్షలో ఉత్తీర్ణుడై తండ్రి కార్యాలయంలో వకీలుగా చేరాడు. 1924లో మేరీ మలోన్‌ను వివాహమాడాడు. వారికి ముగ్గురు సంతానం.

ఆయన ధనం కోసం ఆడలేదు. ఔత్సాహికుడనగా ఆటను ప్రీతితో ఆడేవాడని అర్థం. గెలుపు సొమ్మును ఆయన తాకడానికి వీలులేదు. అట్లాంటా పౌరులు అభిమానంతో ఇల్లు కొనుక్కొనడానికి యాభై వేల డాలర్లు కానుకగా ఇవ్వగా, అది ఔత్సాహిక నియమానికి విరుద్ధమని తేలినందున తిరిగి ఇచ్చివేశాడు. అయితే ఇక్కడ మరొక సత్యాన్ని కూడా మరువరాదు. ఔత్సాహికుడుగా ఉండగల అవకాశం ఆయనకు కలిగినవారి ఇంట పుట్టినందున లభించింది. అదే కాలంలో జీవనం కోసం ఆడిన వృత్తి క్రీడాకారులు అనేకులు ఇంగ్లండులో క్లబ్బు భవనాల ముందు ద్వారం గుండా ప్రవేశించడానికి సైతం అనుమతి లేనివారు. జోన్స్ గొప్పతనం ఈ తారతమ్యాన్ని మైదానంలో పాటించకపోవడంలో ఉన్నది. వృత్తి క్రీడాకారులు ఆయనను తమ మిత్రునిగానే ఎంచుకొన్నారు.

1925లో వూస్టర్ నగరంలో జరిగిన అమెరికన్ ఓపెన్ పోటీని మేము ఆయన జీవితానికి నడిబొడ్డుగా భావిస్తాము. మొదటి రౌండులో పదకొండవ గుంట వద్ద బంతి ఎత్తు గడ్డిలో ఉన్నది. ఆయన కొట్టడానికి కర్రను సిద్ధం చేసుకొంటుండగా బంతి రవ్వంత కదిలింది. నియమం ప్రకారం అందుకు ఒక దెబ్బ శిక్ష. ఆ కదలికను తోడి ఆటగాడు చూడలేదు, అధికారులు చూడలేదు, ప్రేక్షకులు చూడలేదు. చూసినవాడు జోన్స్ ఒక్కడే. ఆయన వెంటనే ఆ దెబ్బను తన లెక్కలో చేర్చమని కోరాడు. పునరాలోచించమని అధికారులు చెప్పినా వినలేదు. నాలుగు రౌండుల అంతాన ఆయన విల్లీ మక్‌ఫార్లేన్‌తో సమానంగా నిలిచాడు. పద్దెనిమిది గుంటల నిర్ణాయక ఆటలోనూ ఇరువురూ సమానులే. మరి పద్దెనిమిది గుంటలు ఆడగా మక్‌ఫార్లేన్ ఒక్క దెబ్బ తేడాతో జయించాడు. ఆ మొదటినాటి దెబ్బను చేర్చుకొనకుంటే నిర్ణాయక ఆట అవసరమే ఉండేది కాదు, పోటీ జోన్స్‌దే. లోకం ఆయన నిజాయితీని వేనోళ్ల కొనియాడింది. ఆయనకు మాత్రం ఆ పొగడ్త నచ్చలేదు. ఆటకు ఉన్న పద్ధతి ఒక్కటే, దానిని పాటించినందుకు మెప్పు ఎందుకన్నది ఆయన భావం. దొంగతనం చేయనందుకు మనిషిని సన్మానించడం ఎంత హాస్యాస్పదమో ఇదీ అంతేనని ఆయన తలచాడు.

1926లో లిథమ్ అనే ఇంగ్లీషు పట్టణంలో బ్రిటిష్ ఓపెన్ చివరి రోజున మధ్యాహ్నం ఆటగాని బిళ్ల మరచి వచ్చినందున ద్వారపాలకుడు ఆయనను లోపలికి పోనివ్వలేదు. జోన్స్ వాదించక, అందరివలె టిక్కెట్టు కొనుక్కొని లోపలికి పోయాడు. పదిహేడవ గుంట వద్ద బంతి ఇసుకలో పడగా, నూట డెబ్బై గజాలకు పైగా దూరంలో కంటికి కనిపించని గ్రీన్ మీదికి బంతిని ఇసుక రేణువు కదలకుండా లేపి కొట్టి విజయం సాధించాడు. ఆ చోట నేడు ఒక ఫలకం ఉన్నది. మరుసటి సంవత్సరం సెయింట్ ఆండ్రూస్‌లో, ఏ ఊరిలో ఆరేళ్ల క్రితం ఆటను విడిచి వెళ్లాడో ఆ ఊరిలోనే, 285 దెబ్బలతో ఆరు దెబ్బల తేడాతో గెలిచాడు. విజయచిహ్నాన్ని తన దేశానికి తీసుకొనిపోక అక్కడి క్లబ్బు సంరక్షణలోనే ఉంచాడు. ఆనాటి నుండి ఆ ఊరు ఆయనను తన బిడ్డగా ఎంచుకొన్నది.

1930వ సంవత్సరం ఆయన జీవితానికి శిఖరం. మే నెలాఖరున సెయింట్ ఆండ్రూస్‌లో బ్రిటిష్ ఔత్సాహిక పోటీ, జూన్‌లో హాయ్‌లేక్‌లో బ్రిటిష్ ఓపెన్, జులైలో మిన్నెసోటా రాష్ట్రంలోని ఇంటర్‌లాకెన్‌లో అమెరికన్ ఓపెన్ – మూడింటినీ వరుసగా జయించాడు. ఇంటర్‌లాకెన్‌లో చివరి గ్రీన్ మీద సుమారు నలభై అడుగుల దూరం నుండి కలామిటీ జేన్‌తో దొర్లించిన బంతి నేరుగా గుంటలోకి పోయింది. సెప్టెంబరు 27న, పద్నాలుగేళ్ల బాలుడుగా తొలిసారి ఆడిన అదే మెరియన్ మైదానంలో, యూజీన్ హోమన్స్‌ను ఓడించి నాలుగవదీ గెలిచాడు. ప్రేక్షకుల రద్దీ నుండి ఆయనను కాపాడడానికి సైనికులు చుట్టూ నిలువవలసి వచ్చింది. పేకాటలోని పదాన్ని అరువు తెచ్చుకొని ఆ విజయ చతుష్టయాన్ని గ్రాండ్ స్లామ్ అన్నారు. ఒక్క సంవత్సరంలో ఆ నాలుగింటినీ మరెవ్వరూ గెలువలేదు.

ఆ కీర్తికి ఆయన శరీరం చెల్లించిన మూల్యం ప్రేక్షకులకు తెలియదు. ఒక్కొక్క పోటీలో ఆయన పదేసి పౌన్లకు పైగా బరువు తగ్గేవాడు. ఆట ముందు అన్నం సహించేది కాదు. బయటకు ప్రశాంతంగా కనిపించే ఆ ముఖం వెనుక తుఫాను ఉండేది. అందుచేత 1930 నవంబరులో, ఇరవై ఎనిమిదేళ్ల వయస్సులో, పోటీల నుండి విరమిస్తున్నట్లు ప్రకటించాడు. సాధింపవలసినది ఇక లేదని తెలిసి, జనం ఇంకా కోరుతుండగానే తప్పుకొనడం రాజులకూ కష్టమైన పని. పిదప వార్నర్ బ్రదర్స్ సంస్థ కోసం ఆట నేర్పే పొట్టి చలనచిత్రాలు పద్దెనిమిది చేశాడు. అందుకు ధనం పుచ్చుకొన్నందున తనను ఇక ఔత్సాహికుడుగా పరిగణించరాదని తానే ముందుగా తెలియజేశాడు. సామాన్య ఆటగాళ్లు వేలాదిమంది ఆ చిత్రాలు చూసి తమ స్వింగ్‌ను, పటింగ్‌ను దిద్దుకొన్నారు. ఆ చిత్రాలు నేటికీ నిలిచి ఉన్నాయి.

1931లో క్లిఫర్డ్ రాబర్ట్స్ అనే మిత్రునితో కలిసి జార్జియాలోని అగస్టా పట్టణంలో ఒక పాత పూలతోటను కొని, అలిస్టర్ మెకెంజీ అనే నిపుణునితో కలిసి ఒక మైదానాన్ని రూపొందించాడు. ప్రతి గుంటకూ ఒక మొక్క పేరు పెట్టారు. 1934లో అక్కడ ప్రారంభమైన పోటీయే నేడు మాస్టర్స్ అనే పేరుతో లోకప్రసిద్ధమైనది. అయితే చరిత్రకారుడు ప్రశంసతో ఆగిపోరాదు. ఆ సుందర వనంలో దశాబ్దాలపాటు నల్లజాతివారు ఇతరుల కర్రలు మోసేవారుగా మాత్రమే కనిపించారు. మాస్టర్స్‌లో తొలి నల్లజాతి క్రీడాకారుడు లీ ఎల్డర్ ఆడినది 1975లో. నల్లజాతివారికి తొలిసారి సభ్యత్వం లభించినది 1990లో, స్త్రీలకు 2012లో. తన లెక్కలోని దెబ్బను దాచనివాడు స్థాపించిన సంస్థ తన ద్వారాన్ని అంతకాలం మూసి ఉంచింది. జోన్స్ తన కాలపు, తన ప్రాంతపు ఆచారాన్ని ఎదిరించినవాడు కాదు. ఆయనను గౌరవించేవారు ఈ సత్యాన్ని కూడా చెప్పవలసినదే. ఆయన జీవితం నేర్పిన నియమం కూడా అదే కదా!

రెండవ ప్రపంచ యుద్ధంలో, నలభై దాటిన వయస్సులో, ఆయన సైన్యంలో చేరి 1944లో నార్మండీ తీరంలో పనిచేశాడు. యుద్ధానంతరం ఆయనకు అసలైన యుద్ధం ప్రారంభమైంది. కాళ్లూ చేతులూ పట్టు తప్పసాగాయి. 1948లో ఈస్ట్ లేక్‌లో, బాల్యంలో టోపీ నిండా బంతులతో సాధన చేసిన అదే మైదానంలో, కడపటిసారి ఆడాడు. రెండు శస్త్రచికిత్సలు జరిగినా ఉపశమనం కలుగలేదు. 1956లో వైద్యులు వ్యాధిని నిర్ధారించారు. అది సిరింగోమైలియా. వెన్నుపాములో ద్రవంతో నిండిన కుహరం ఏర్పడి, క్రమంగా నరాలను నొక్కి, స్పర్శను, కండరాల బలాన్ని హరించే వ్యాధి. మొదట ఒక చేతికర్ర, పిదప రెండు, తుదకు చక్రాల కుర్చీ. ప్రపంచంలోకెల్లా సుందరమైన స్వింగ్ గల దేహం కలాన్ని పట్టలేని స్థితికి వచ్చింది. ఆయన తన బాధను ఇతరుల ముందు పెట్టలేదు. బంతిని అది పడిన చోటు నుండే ఆడవలెనన్న ఆటలోని నియమాన్ని ఆయన ఆ రోగశయ్యకు కూడా అన్వయించుకొన్నాడు.

1958లో సెయింట్ ఆండ్రూస్ నగరం ఆయనకు పౌరసత్వ గౌరవాన్ని ప్రదానం చేసింది. 1759లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తరువాత ఆ గౌరవం పొందిన తొలి అమెరికన్ ఆయనే. సభలో ఆయన సిద్ధపరచుకొన్న ప్రసంగ పత్రాన్ని ప్రక్కన పెట్టి, కర్రల ఆసరాతో నిలబడి హృదయంలోని మాటలు చెప్పాడు. సభ ముగిసి ఆయన వెళుతుండగా జనులు వీడ్కోలు పాటగా ఒక స్కాట్లండ్ జానపద గీతాన్ని ఎత్తుకొన్నారు. ఆయన మళ్లీ రాలేడని వారికి తెలుసు. ముప్ఫై ఏడేళ్ల క్రితం ఆ ఊరిలోనే ఆటను మధ్యలో విడిచిన కోపిష్ఠి యువకుడు ఆ ఊరి పౌరుడై వెడలినాడు. 1971 డిసెంబరు 18న అట్లాంటాలో ఆయన కన్నుమూశాడు. సెయింట్ ఆండ్రూస్ మైదానంలోని పదవ గుంటకు నేడు ఆయన పేరే ఉన్నది.

ప్రియ విద్యార్థులారా! మీలో గోల్ఫ్ కర్రను చేతబట్టేవారు కొద్దిమందే కావచ్చును. కాని పరీక్షాపత్రం ముందు, లెక్కల పుస్తకం ముందు, రేపు మీరు కూర్చోబోయే కార్యాలయపు బల్ల ముందు, ఎవ్వరూ చూడని చోట బంతి రవ్వంత కదలే క్షణం మీలో ప్రతి ఒక్కరికీ వస్తుంది. ఆ క్షణంలో ఆ దెబ్బను మీ లెక్కలో మీరే వేసుకొనగలిగితే, ఈ చరిత్రను వ్రాసిన మా శ్రమ, చదివిన మీ శ్రమ రెండూ సార్థకమవుతాయి.